పాఠకుల ప్రశ్నలు: పైథాన్ డిక్షనరీలపై పట్టు సాధించడం ఎలా?

ప్రశ్న: పైథాన్ నేర్చుకోవడం ఇటీవలే మొదలుపెట్టాను. లిస్టుల వరకు బాగానే సాగింది గాని డిక్షనరీల దగ్గర ఆగిపోయాను. గెట్, పాప్, అప్‌డేట్, సెట్‌డిఫాల్ట్ వంటి మెథడ్‌ల పేర్లన్నీ కంఠస్థం చేశాను. అయినా సొంతంగా ప్రోగ్రామ్ రాయబోయేసరికి ఏది ఎక్కడ వాడాలో తోచడం లేదు, తరచూ కీఎర్రర్ వస్తోంది. ఎలా సాధన చేయాలి?

జవాబు: మెథడ్‌లను ఒక్కొక్కటిగా విడివిడిగా సాధన చేయడం మానివేసి, ఒకే ప్రశ్నను ముందు పెట్టుకుని అన్నింటినీ దాని వెలుగులో చూడమని మా సలహా. డిక్షనరీలో ప్రతి విలువ ఒక కీ, అంటే దానిని వెతికే పేరు, కింద ఉంటుంది. నేను అడుగుతున్న కీ డిక్షనరీలో లేకపోతే ఏం జరగాలి అన్నదే ఆ ప్రశ్న. మార్కులు["గణితం"] అని చదరపు బ్రాకెట్లతో అడిగినప్పుడు ఆ కీ లేకపోతే ప్రోగ్రామ్ కీఎర్రర్ చూపి ఆగిపోతుంది. గెట్‌తో అడిగితే ఆగదు; రెండో ఆర్గ్యుమెంటుగా మీరు ఏదైనా విలువ ఇచ్చి ఉంటే దానిని, ఇవ్వకపోతే నన్ అనే శూన్య విలువను తిరిగి ఇస్తుంది, కాని డిక్షనరీలో కొత్తగా ఏమీ చేర్చదు. సెట్‌డిఫాల్ట్ మాత్రం ఆ కీని, విలువను డిక్షనరీలో చేర్చిన తరువాతే మీ చేతికి ఇస్తుంది. ఇక మార్కులు["గణితం"] = 90 అని రాస్తే, కీ లేనప్పుడు కొత్తగా చేరుతుంది, ఉన్నప్పుడు పాత విలువ ఏ హెచ్చరికా లేకుండా చెరిగిపోతుంది. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లను తెలుగు లిపిలోనే రాయవచ్చు కనుక ముందుగా మార్కులు = {} అని ఖాళీ డిక్షనరీ చేసుకుని, ఈ వాక్యాలను ఉన్నవి ఉన్నట్లుగా టైప్ చేసి చూడవచ్చు.

ఇప్పుడు ఒకే అభ్యాసాన్ని నాలుగు విధాలుగా చేయండి. నాలుగైదు వాక్యాల పేరా ఒకటి తీసుకుని, స్ప్లిట్‌తో దానిని మాటలుగా విడగొట్టి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించే ప్రోగ్రామ్ రాయండి. మొదటిసారి ఇఫ్, ఇన్‌లతో ఆ మాట డిక్షనరీలో ఉందో లేదో పరీక్షించి, ఉంటే 1 కలపండి, లేకపోతే 1తో మొదలుపెట్టండి. రెండోసారి గెట్‌కు 0ను రెండో ఆర్గ్యుమెంటుగా ఇచ్చి ఆ నాలుగు వరుసలను ఒక్క వరుసకు కుదించండి. ఆ సున్నాను ఒకసారి కావాలనే తీసివేసి నడపండి: నన్‌కు 1 కలపడం కుదరదని టైప్ఎర్రర్ వస్తుంది, అది ఎందుకు వచ్చిందో మీ మాటల్లో ఒక వాక్యం రాసుకోండి. మూడోసారి కలెక్షన్స్ మాడ్యూల్‌లోని, లేని కీకి తనంతట తానే తొలి విలువ పెట్టే డిఫాల్ట్‌డిక్ట్‌తో, నాలుగోసారి అదే మాడ్యూల్‌లోని కౌంటర్‌తో చేయండి. కౌంటర్ ఈ పనిని ఒక్క పిలుపుతో ముగిస్తుంది గనుక దానిని చివరికి ఉంచాలి. ముందే వాడితే లోపల జరిగేది కంటపడదు. డిఫాల్ట్‌డిక్ట్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అందులో లేని కీని చదరపు బ్రాకెట్లతో కేవలం చదివినా అది డిక్షనరీలో చేరిపోతుంది. లెక్కింపు ముగిశాక ఎన్నడూ రాని మాటలు సున్నాలతో కనిపిస్తే కారణం ఇదే.

లెక్కింపు చేతికి వచ్చాక, మాటలను తొలి అక్షరాన్ని బట్టి గుంపులుగా చేర్చండి. ఇక్కడ ప్రతి కీకి విలువగా ఒక లిస్టు కావాలి. సెట్‌డిఫాల్ట్‌కు ఖాళీ లిస్టు ఇచ్చి, తిరిగి వచ్చిన లిస్టుకే మాటను అపెండ్ చేయడం ఇందుకు తగిన పద్ధతి. తెలుగు మాటలతో చేస్తే మరొక సంగతి తెలుస్తుంది: "కృషి" అనే మాట పొడవు 2 కాదు, 4 అని పైథాన్ చెబుతుంది, ఎందుకంటే గుణింతపు గుర్తులను అది విడిగా లెక్కిస్తుంది. దాని సున్నా ఇండెక్స్‌లో ఉండేది "క" మాత్రమే కనుక కృషి, కల, కోట అన్నీ ఒకే గుంపులో చేరతాయి.

అన్నిచోట్లా గెట్ వాడితే కీఎర్రర్ బెడద పోతుంది కదా అనిపించవచ్చు. ఆ అలవాటు చేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాము. తప్పకుండా ఉండవలసిన కీ లేకపోతే, ఉదాహరణకు కీ పేరులో ఒక అక్షరం తప్పు పడితే, ప్రోగ్రామ్ అక్కడే ఆగి చెప్పడం మేలు. గెట్ ఆ తప్పును దాచిపెట్టి, ఎక్కడో దూరాన తప్పుడు ఫలితంగా బయటపెడుతుంది. కీ లేకపోవడం సహజమైన చోట గెట్ వాడండి, లేకపోవడమే తప్పయిన చోట చదరపు బ్రాకెట్లు వాడండి.

ప్రశ్న: మార్కులు 35 కంటే తక్కువ ఉన్న పేర్లను ఫర్ లూప్‌లో ఒక్కొక్కటిగా డెల్‌తో తొలగించబోతే, డిక్షనరీ పరిమాణం మారిందంటూ రన్‌టైమ్ఎర్రర్ వస్తోంది. కాని ఒక్క పేరు తొలగించి వెంటనే బ్రేక్ చేస్తే రావడం లేదు. ఎందుకు?

జవాబు: లూప్ ప్రతి అడుగు వేసే ముందు, తాను మొదలైనప్పుడు డిక్షనరీలో ఎన్ని కీలు ఉన్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయా అని చూసుకుంటుంది. మీరు బ్రేక్ చేసినప్పుడు తరువాతి అడుగే లేదు కనుక ఆ పరీక్షా జరగదు. ఈ పట్టింపుకు తగిన కారణం ఉంది: డిక్షనరీ హ్యాష్ టేబుల్‌గా, అంటే కీని బట్టి దాని చోటును లెక్కగట్టే పట్టికగా, నిర్మితమై ఉంటుంది, కొత్త కీలు చేరి చోటు చాలకపోతే మరింత పెద్ద టేబుల్‌లోకి మారుతుంది. నడక మధ్యలో అలా జరిగితే ఏ కీ చూశామో, ఏది చూడలేదో చెప్పడం కష్టం. ఉన్న కీల విలువలను మాత్రం లూప్‌లో నిరభ్యంతరంగా మార్చవచ్చు.

మీ పనికి రెండు దారులున్నాయి. కీలన్నింటినీ ముందుగా ఒక లిస్టుగా చేసుకుని, ఆ లిస్టు మీద లూప్ నడుపుతూ అసలు డిక్షనరీ నుంచి తొలగించవచ్చు. లేదా 35, అంతకు మించి మార్కులు ఉన్నవారితో డిక్షనరీ కాంప్రిహెన్షన్ (లూప్‌ను, షరతును ఒకే వాక్యంలో రాసి డిక్షనరీ కట్టే పద్ధతి) ద్వారా కొత్త డిక్షనరీ కట్టుకోవచ్చు. రెండోదే మాకు నచ్చిన దారి; పాతదీ కొత్తదీ పక్కపక్కన ప్రింట్ చేసుకుని సరిచూసుకోవచ్చు. తొలగించిన మార్కులు మీకు మళ్లీ అవసరమైతే డెల్‌కు బదులు పాప్ వాడండి, అది కీని తీసివేస్తూనే దాని విలువను తిరిగి ఇస్తుంది.

ప్రశ్న: కొత్తది = పాతది అని రాసి కొత్త డిక్షనరీలో మార్పులు చేస్తే పాతదీ మారిపోయింది. కాపీ మెథడ్ వాడాక కొన్ని మార్పులు ఆగాయి, కొన్ని ఆగలేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: సమానం గుర్తు కొత్త డిక్షనరీని తయారుచేయదు, ఉన్న డిక్షనరీకే మరొక పేరు తగిలిస్తుంది. కాపీ మెథడ్ కొత్త డిక్షనరీని ఇస్తుంది గాని విలువలుగా ఉన్న లోపలి లిస్టులు రెండింటికీ ఉమ్మడిగానే ఉండిపోతాయి. మీకు ఆగినవి కీలకు నేరుగా కొత్త విలువలిచ్చిన మార్పులు, ఆగనివి లోపలి లిస్టుకు అపెండ్ చేసినవి అయి ఉంటాయి. పూర్తిగా వేరు కావాలంటే కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ వాడాలి. ఇచ్చిన కీలన్నింటికీ ఒకే విలువ పెట్టి డిక్షనరీ చేసే ఫ్రమ్‌కీస్‌కు ఖాళీ లిస్టు ఇచ్చినా ఇదే చిక్కు వస్తుంది, ఎందుకంటే కీలన్నీ ఒకే లిస్టును పంచుకుంటాయి.

ప్రశ్న: డిక్షనరీలో కీలు మనం చేర్చిన వరుసలోనే ఉంటాయని నమ్మవచ్చా?

జవాబు: నమ్మవచ్చు. 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి ఇది భాషా నియమం. విలువ మార్చినా కీ స్థానం మారదు. తొలగించి మళ్లీ చేరిస్తే మాత్రం చివరికి వెళుతుంది. అయితే రెండు డిక్షనరీలు సమానమా అని పోల్చేటప్పుడు ఈ వరుసను పైథాన్ లెక్కలోకి తీసుకోదు.