పెళ్లి కానుకల జాబితాలో ఏ పింగాణీ రాయాలి?
బెంగళూరులో కాపురం పెట్టబోతున్నాం, బోన్ చైనా డిన్నర్ సెట్ రాయొచ్చా అని అడిగారు. ముందు ఇంట్లో పెద్దవాళ్లను కనుక్కోండి. బోన్ చైనాలో నిజంగానే పశువుల ఎముకల బూడిద కలుపుతారు, సాధారణంగా 30 శాతం పైనే. శాకాహారుల ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. వద్దంటే మామూలు పోర్సిలిన్ రాయండి, అందులో ఎముక ఉండదు.

బోన్ చైనాయే కావాలంటే షాపులో ప్లేటును లైటుకి ఎత్తి, వెనక వేళ్లు ఆడించి చూడండి. నీడ లేతగా కనిపించాలి. బంగారు అంచు మాత్రం నేను వద్దంటాను. మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, మనకేమో పప్పూ పులుసూ మళ్లీ వేడిచేసుకోవడం రోజూ ఉండేదే. చారన్నం కలుపుకోవడానికి చదును ప్లేట్లకన్నా అంచు లేచినవి హాయి. విడిగా దొరికే డిజైన్ ఎంచుకుంటే, కప్పు పగిలినా అదొక్కటే కొనుక్కోవచ్చు.