క్యోటో ఎర్ర ఆకులు, అక్టోబర్ చివరి వారం: మీ ప్లాన్‌లో మార్చాల్సింది ఊరే

అక్టోబర్ చివర్లో క్యోటో వెళ్తే ఎర్ర ఆకులు చూడొచ్చా అని అడిగారు. మీ తేదీల్లో తప్పేం లేదు, ఊరే సరిపడలేదు. జపాన్‌లోని క్యోటోలో మేపుల్ చెట్ల ఆకులు బాగా ఎర్రబడేది నవంబర్ రెండో సగంలో. మీరేమో సిరిమాను పండగ అయ్యాక అక్టోబర్ చివర్లో విజయనగరం నుంచి అమ్మానాన్నలతో బయల్దేరతామన్నారు, సెలవు తేదీలు మార్చుకోవడం కుదరదన్నారు. అప్పటికి క్యోటోలో ఇంకా పచ్చగానే ఉంటుంది.

అందరూ వదిలేసేది ఎత్తు సంగతి. దేశం పేరు, నెల చూసి టికెట్ కొనేస్తారు. రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండ మీద నుంచి కిందకి దిగుతుంది. మనం అరకు ఘాట్ ఎక్కుతుంటే చలి ఎలా పెరుగుతుందో చూశారుగా, అదే లెక్క, చలి ముందు తగిలిన చోట ఆకు ముందు ఎర్రబడుతుంది.

1. క్యోటో బదులు టోక్యో దగ్గర నిక్కో పెట్టుకోండి. టోక్యోలోని అసకుసా స్టేషన్ నుంచి రైల్లో సుమారు 2 గంటలు.

2. నిక్కో ఊళ్లోనే ఆగిపోకండి, అక్కడ రంగు నవంబర్‌లో గానీ రాదు. బస్సెక్కి పైన చూజెంజి సరస్సుకి వెళ్లండి, దాదాపు 1,270 మీటర్ల ఎత్తు. మీ తేదీలకి సరిగ్గా సరిపోయేది అదే. పక్కనే కెగోన్ జలపాతం, లిఫ్ట్ ఉంది కాబట్టి అమ్మగారికి మెట్ల బాధ తక్కువ.

3. టోక్యోలో పగలు కాస్త చల్లగా, హాయిగా ఉంటుంది. సరస్సు దగ్గర మాత్రం పొద్దున్నే 5 డిగ్రీల కిందకి కూడా పడిపోవచ్చు, పెద్దవాళ్లకి స్వెట్టర్, మేజోళ్లు తప్పనిసరి.

4. సెప్టెంబర్ నుంచి జపాన్ వాతావరణ సంస్థలు ఆకుల అంచనా తేదీలు ఇస్తాయి. అవి చూసేదాకా రద్దు చేసుకోగలిగే హోటలే బుక్ చేయండి.