టెండర్ రేవుల్లో టైమ్ లెక్క: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

నువ్వు పంపిన క్రూయిజ్ ప్లాన్ రెండుసార్లు చదివాను. గ్రీస్ దీవి శాంటోరిని దగ్గర ఉదయం 8 నుంచి సాయంత్రం 5 అని ఉంది కదా, అది చూసి "తొమ్మిది గంటలు పెద్దమ్మా, దీవంతా చుట్టేయొచ్చు" అని మురిసిపోయావు. ఆ తొమ్మిది గంటలూ ఓడవి, నీవి కావు. చూడాల్సినవి పదకొండు రాసుకున్నావు. మూడు చూసి వస్తే నిన్ను మెచ్చుకుంటాను.

శాంటోరిని పక్కన చిన్న అక్షరాల్లో 'టెండర్' అని ఉంది చూశావా? మొదటిసారి ఆ మాట వినగానే మీ పెదనాన్న "కాంట్రాక్టర్లు వేసేదా?" అన్నారు. ఆ టెండర్ కాదు. ఓడ రేవుకు ఆనుకోకుండా దూరంగా నీళ్లలోనే నిలబడిపోతే, మనల్ని ఒడ్డుకు చేర్చే పడవని టెండర్ అంటారు. చాలా చోట్ల ఓడ పక్కన వేలాడే లైఫ్‌బోట్లనే కిందికి దించి వాడతారు. ఒక్కోదానిలో వంద మంది, కాస్త అటూ ఇటూ. ఓడలో మూడు వేల మంది ఉంటే ఎన్ని ట్రిప్పులు కావాలో నువ్వే లెక్క వేసుకో.

ఓడ ఎందుకు ఆగిపోతుందనే దానికి ఒక్కో ఊరిది ఒక్కో కథ. మధ్య అమెరికాలోని బెలీజ్ సిటీలో తీరం దగ్గర లోతు చాలదు, అందుకని ఓడ మైళ్ల దూరంలో ఆగుతుంది, పడవ ప్రయాణానికే బోలెడు టైమ్ పోతుంది. శాంటోరినిది సరిగ్గా ఉల్టా. అగ్నిపర్వతం కూలి ఏర్పడిన గుంట అది, లోతు 300 మీటర్లు దాటిపోతుంది, లంగరు వేద్దామన్నా అందదు. కానీ ఒడ్డు దగ్గరే, పడవలో కొద్ది నిమిషాలే. అక్కడ ఓడ పడవలు కాకుండా దీవి వాళ్ల పడవలే వచ్చి తీసుకెళ్తాయి. నీ టైమ్ తినేసేది పడవ కాదు, కొండ. దాని సంగతి తర్వాత.

ముందు లెక్క చూడు. 8 గంటలకు ఓడ ఆగుతుంది. అక్కడి అధికారులు కాగితాలు చూసి సరే అనేదాకా ఒక్కరూ దిగడానికి లేదు. ఆ తర్వాత ఓడవాళ్ల దగ్గర టూర్ కొన్నవాళ్లు, ఖరీదైన గదులవాళ్లు, పాత కస్టమర్లు దిగుతారు. మిగతావాళ్లకి లాంజ్‌లో టోకెన్లు ఇస్తారు, నంబరు పిలిచేదాకా కూర్చోవాలి. మీ కాలు నేల మీద పడేసరికి తొమ్మిదిన్నర అనుకో. ఇక చివరి నుంచి వెనక్కి రా. 5కి బయల్దేరే ఓడకి ఆఖరి పడవ 4కో నాలుగున్నరకో ఉంటుంది. ఆ పడవే ఎక్కుదామని అందరూ అనుకుంటారు కాబట్టి జెట్టీ మీద క్యూ తప్పదు. నువ్వు మూడున్నరకల్లా అక్కడుండాలి. తొమ్మిది గంటలు ఆరయ్యాయా? ఇందులోంచి కొండ ఎక్కి దిగడం ఇంకా తియ్యలేదు.

టోకెన్లు ఎక్కడ, ఎన్నింటి నుంచి ఇస్తారో ముందురోజు రాత్రి కేబిన్‌లో పెట్టే కాగితంలో ఉంటుంది. సాధారణంగా మీ ఇద్దరూ, మీ అత్తమామలూ నలుగురూ కలిసి వస్తేనే ఇస్తారు. నువ్వు పరుగెత్తుకెళ్లి తెద్దామంటే కుదరకపోవచ్చు, మీ మామగారి టిఫిన్ అయ్యేదాకా ఆగాల్సిందే. ఊరికే ఊళ్లో నడిచి రావాలనుకునే చోటైతే ఈ హడావిడే వద్దు. తాపీగా తిని, రద్దీ తగ్గాక బయల్దేరండి. పది, పదిన్నర దాటితే చాలాసార్లు టోకెన్ అడగనే అడగరు.

ఇక శాంటోరిని. సొంతంగా వెళ్లేవాళ్లని పడవ ఫిరా ఊరి కింద పాత రేవులో దింపుతుంది. ఊరు 200 మీటర్లకు పైగా ఎత్తున, నిటారు కొండ అంచు మీద ఉంటుంది. పైకి వెళ్లడానికి దారులు మూడే. కేబుల్ కార్, 580కి పైగా మెట్లు, లేదా గాడిద. కేబుల్ కార్ మూడు నిమిషాల్లో పైకి చేరుస్తుంది, బాగుంటుంది. కాకపోతే గంటకి మహా అయితే 1,200 మందిని మొయ్యగలదు. ఇప్పుడు రోజుకి 8,000 మంది క్రూయిజ్ ప్రయాణికులకే అనుమతి అని 2025 నుంచి పరిమితి పెట్టారు. ఆ ఎనిమిది వేలలో సగం మంది మధ్యాహ్నం రెండింటికి ఒక్కసారి కిందికి దిగుదామనుకుంటే ఏమవుతుంది?

ఏమవుతుందో మేం చూశాం. మేం వెళ్లిన రోజు ఇంకో నాలుగు ఓడలున్నాయి. తిరిగొచ్చేసరికి క్యూ స్టేషన్ దాటి, సందు మలుపు తిరిగి, నగల షాపుల మధ్య దాకా పాకింది. ఇరవై నిమిషాలు నిలబడితే నాలుగు అడుగులు కదిలాం. మీ పెదనాన్న వాచీ చూడటం, నేను ఆయన్ని చూడటం. చివరికి మెట్లే దిక్కన్నారు. ఆ రాళ్లు ఏళ్ల తరబడి అరిగి అద్దంలా ఉన్నాయి, పైన గాడిద పేడ. నా కాళ్లకేమో అడుగు నున్నగా ఉన్న చెప్పులు. సగంలో ఉండగా గంటల చప్పుడు వినిపించింది, వెనక్కి చూస్తే ఓ పది గాడిదలు మా మీదికి దిగుతున్నాయి. గోడకి బల్లిలా అతుక్కుపోయాను. వాటికి మనతో పనేం లేదు, ఒరుసుకుని వెళ్లిపోయాయి. పడవ అందింది గానీ, రెండు రోజులు మోకాళ్లు వంగలేదు.

ఇంతా ఎందుకు చెప్పానంటే, శాంటోరినిలో మటుకు ఓడవాళ్ల టూరే కొనండి. డబ్బు ఎక్కువే, గుంపులో తిరగడం నీకు ఇష్టం లేదనీ తెలుసు. అయినా మీ అత్తగారి కాళ్లు చూసుకో. టూర్ వాళ్లని చాలాసార్లు అథీనియోస్ అనే వేరే రేవులో దింపుతారు, బస్సు అక్కడికే వస్తుంది. బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. ఒక్క మెలిక ఉంది. ఆ టూర్లు కూడా చాలామటుకు ఫిరాలో వదిలేస్తాయి, కిందికి దిగడం మళ్లీ అదే కేబుల్ కార్‌లో. కాబట్టి బస్సు దింపగానే షాపుల్లో దూరకుండా ముందు క్యూ ఎంతుందో చూసుకో.

మీరిద్దరే వెళ్లుంటే వేరే దారి చెప్పేదాన్ని. పాత రేవులోనే ఇయా అనే ఇంకో ఊరి వైపు వెళ్లే పడవలుంటాయి, వాటిలో వెళ్లి, అక్కడ చూసుకుని, బస్సులో ఫిరాకి వచ్చి దిగిపోవడం. పొద్దున్న పూట కేబుల్ కార్ క్యూ తప్పుతుంది. ఇంకోసారి చూద్దాంలే.

మాంటెనెగ్రోలోని కోటోర్‌లో మాత్రం టూర్ దండగ. అక్కడ ఓడ రేవుకే ఆనవచ్చు, టెండర్లూ వెయ్యొచ్చు. ఎలా దిగినా పాత ఊరి కోట గుమ్మం ఎదురుగానే కనిపిస్తుంది. కొండ మీది కోటకి 1,350 మెట్లు. మీరిద్దరూ ఎక్కండి, పెద్దవాళ్లు కింద కాఫీ తాగుతారు. ఆ రోజు ఓడ అఖాతంలోకి వచ్చేటప్పుడు నిద్రపోయావంటే మాత్రం నీతో మాట్లాడను.

కానీ కోటోర్‌లోనే మా కొంప మునగబోయింది. గ్రీస్‌కీ మాంటెనెగ్రోకీ గంట తేడా. మేమెక్కిన ఓడ గ్రీస్ టైమే ఉంచింది. మీ పెదనాన్న ఫోన్ మాత్రం ఒడ్డు సిగ్నల్ తగలగానే దానంతట అదే గంట వెనక్కి మారింది. ఓడలో నాలుగున్నరకి అందరూ లోపలుండాలి. ఈయన ఫోన్ చూసి "ఇంకా మూడున్నరే, ఇంకో కాఫీ తాగుదాం" అని కాలు మీద కాలేసుకున్నారు. పక్క బల్ల దగ్గర మా ఓడ మనుషులు ఒక్కరూ లేకపోవడం చూసి నాకు అనుమానం వచ్చింది. ఆ తర్వాతి పరుగు గురించి ఆయన్నే అడుగు. కొన్ని ఓడలు టైమ్ మారుస్తాయి, కొన్ని మార్చవు. దిగేముందు గుమ్మం దగ్గర ఎన్నింటికల్లా తిరిగి రావాలో రాసి ఉండే బోర్డు ఫోటో తీసుకుంటే గొడవ ఉండదు.

ఓడ తప్పిపోతే ఏం చేస్తారో కూడా తెలుసుకో, టెన్షన్ పడకు. సాధారణంగా మీ కేబిన్‌లో వెతికి పాస్‌పోర్టులు తీసి, రేవులో ఓడవాళ్ల తరఫున పనులు చూసే మనిషికి, అంటే పోర్ట్ ఏజెంట్‌కి ఇచ్చి వెళ్తారు. తర్వాతి రేవుకి చేరే ఖర్చు మీదే. ఏజెంట్ నంబరు ఆ రోజు కాగితంలో ఉంటుంది, దాన్నీ పాస్‌పోర్టు పేజీనీ ఫోటో తీసి దగ్గర పెట్టుకో. మీ మామగారి మందులు ఒక రోజువి ఎక్కువ తీసుకెళ్లు.

మైకొనోస్ అనే ఇంకో గ్రీస్ దీవిలో గాలి పెద్ద సమస్య. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది, అలలు లేస్తే కెప్టెన్ ఆ ఊరు ఎగ్గొట్టి ముందుకెళ్లిపోతాడు. ఓడవాళ్ల టూరైతే డబ్బు వెనక్కిస్తారు. బయట కారు గానీ గైడ్‌ని గానీ మాట్లాడుకుంటే, ఓడ రాకపోతే డబ్బు వాపసిస్తారని రాతలో ఉందో లేదో చూడు. కలిసే టైమ్ ఎనిమిదిన్నరకి పెట్టుకోకు, పది తర్వాతే.

మీ అత్తగారికి ఒక మాట చెప్పు. ఓడలోంచి పడవలోకి అడుగు వేసేచోట సందు ఉంటుంది, పడవ అలతో పైకీ కిందికీ ఊగుతుంది. సిబ్బంది ఇద్దరు చెరో పక్కా మోచేతుల దగ్గర పట్టుకుంటారు. వాళ్లు 'ఇప్పుడు' అన్నప్పుడే అడుగెయ్యాలి, ముందూ కాదు, తర్వాతా కాదు. చేతిలో ఫోన్, సంచీ ఏవీ ఉండకూడదు. భుజానికి తగిలించుకునే బ్యాగ్ కొనిపెట్టు, పట్టీ ఉన్న బూట్లు కూడా. ఆవిడకి ఆ రోజు భయమేస్తే బలవంతం చెయ్యొద్దు, జనం దిగిపోయాక ఓడంతా ఖాళీగా, హాయిగా ఉంటుంది.

మీ పెదనాన్న పాత ముళ్ల వాచీ పార్సిల్ చేయించాను, అందగానే చెప్పు. ఓడ ఎక్కగానే దాన్ని ఓడ టైమ్‌కి పెట్టి అల్లుడి చేతికి కట్టు. ఓడవాళ్లు మార్చమంటే తప్ప ముట్టుకోవద్దని చెప్పు.

మీ పెద్దమ్మ