సీరియల్ కిల్లర్లు ఎందుకు చంపుతారు? పోస్టుమార్టం గదిలో పనిచేసిన మనిషిగా నా జవాబు

సీరియల్ కిల్లర్లు పుట్టుకతోనే అలా ఉంటారా, చిన్నప్పుడు తగిలిన దెబ్బల వల్ల అలా తయారవుతారా అని అడిగారు. నేను సైకియాట్రిస్టును కాదు. ప్రభుత్వాసుపత్రిలో ఫోరెన్సిక్ విభాగంలో డాక్టరుగా పనిచేశాను. చంపినవాళ్లను కాదు, చనిపోయినవాళ్లను చూశాను, అందుకని నా జవాబు కూడా అటువైపు నుంచే ఉంటుంది.

అమెరికాలో ఎఫ్‌బీఐ వాళ్లు జైళ్లకు వెళ్లి 36 మంది హంతకులతో గంటల తరబడి మాట్లాడారు. వాళ్లలో చాలామంది బాల్యం హింసతో నిండినదే. కానీ అలాంటి బాల్యం గడిపి ఎవరికీ హాని చేయకుండా బతుకుతున్నవాళ్లు లెక్కలేనంత మంది ఉన్నారు కదా. 2005లో అదే ఎఫ్‌బీఐ నిపుణులందరినీ కూర్చోబెట్టినప్పుడు, ఏ ఒక్క కారణమూ అందరికీ సరిపోదనే తేలింది. డబ్బు, కోపం, లైంగిక కోరిక, చంపడంలో దొరికే మజా, ఒక్కొక్కడిది ఒక్కోటి. చాలామందికి ఇల్లు, పెళ్లాం, పిల్లలు, ఉద్యోగం అన్నీ ఉంటాయి. మేధావులేమీ కాదు.

నా మటుకు నాకు బాగా అర్థమైన కేసు మన పక్క రాష్ట్రానిదే. దక్షిణ కన్నడ జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసిన మోహన్ కుమార్, ‘సైనైడ్ మోహన్’ అంటారు. 20 మంది ఆడవాళ్లను చంపాడని వాడి మీద కేసులు నడిచాయి. చాలామంది పేదింటివాళ్లు, కట్నం ఇచ్చుకోలేక పెళ్లి ఆగిపోయినవాళ్లు. కట్నం అక్కర్లేదు, చేసుకుంటానని నమ్మించి, నగలు పెట్టుకుని రమ్మని, మైసూరు, మడికేరి లాంటి ఊళ్లకు తీసుకెళ్లి లాడ్జిలో ఉంచేవాడు. పొద్దున నగలు గదిలోనే పెట్టించి, బస్టాండుకు తీసుకొచ్చి, గర్భం రాకుండా ఉండే మాత్ర అని చెప్పి సైనైడ్ ఇచ్చి, బాత్రూములోకి వెళ్లి వేసుకోమనేవాడు. ఆమె అక్కడ పడిపోయేసరికి వాడు లాడ్జికి పోయి నగలు తీసుకునేవాడు.

వాడికి కావలసింది బంగారం. కానీ బంగారం కోసమే అయితే దొంగతనం చేసి పారిపోవచ్చు. ఎవరూ వెతుక్కుంటూ రారన్న ధైర్యమే వాడిని మళ్లీ మళ్లీ చంపనిచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. ఎక్కువ కుటుంబాలు అమ్మాయి ఎవరితోనో లేచిపోయిందనుకుని, పరువు పోతుందని ఊరుకున్నాయి. శవం ఒక జిల్లాలో, ఇల్లు ఇంకో జిల్లాలో. 2009లో ఒక అమ్మాయి కనిపించకపోతే ఆమె తరఫువాళ్లు ఆందోళనకు దిగారు, అప్పుడు పోలీసులు ఫోన్ కాల్స్ పట్టుకుని వెళితే గానీ వాడు దొరకలేదు.

సైనైడ్‌కు చేదు బాదం వాసన వస్తుందని పుస్తకాల్లో చదువుతాం, కానీ ఆ వాసన పసిగట్టే శక్తి పుట్టుకతోనే కొందరికి ఉండదు. అనుమానం వచ్చి విసెరా, అంటే కడుపు, కాలేయం లాంటి లోపలి అవయవాల ముక్కలు, ల్యాబుకు పంపితేనే బయటపడుతుంది. ఆ అనుమానం రావాలంటే ఈమె ఎవరు, ఎవరితో వచ్చింది అని చెప్పే మనిషి ఒకరుండాలి. మన దగ్గర ఏలూరు వైపు 2019లో పోలీసులు బయటపెట్టిన, ప్రసాదంలో సైనైడ్ కలిపి తినిపించి చంపిన కేసులో కూడా, పది మంది చనిపోయారంటే, వాటిలో చాలా చావులను ఇంట్లోవాళ్లు మామూలు చావులే అనుకున్నారు.

గుర్తుతెలియని ఆడవాళ్ల మృతదేహాలు మా మార్చురీకి వచ్చేవి. ఒకసారి ఒక తండ్రి కూతురి ఫొటో పట్టుకుని వచ్చి, గుర్తుపట్టి, ఏడవడం కూడా మానేసి, ‘డాక్టరుగారూ, పేపర్లో పేరు రాకుండా చూడండి, ఇంకో పిల్ల పెళ్లికుంది’ అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఆయన చేత ఆ మాట అనిపించిన చుట్టుపక్కల జనం మీద వచ్చింది, ఇప్పటికీ ఉంది. అమ్మాయి కనపడక వారం దాటినా ఆయన స్టేషన్‌కు వెళ్లలేదు.

హంతకుడి మెదడులో ఏముందో తెలుసుకోవాలన్న మీ ఆసక్తి తప్పు కాదు, కాకపోతే వాడి గురించి చదివేటప్పుడు వాడు ఎవరిని ఎంచుకున్నాడో కూడా చూడండి. మీకు తెలిసినవాళ్ల ఇంట్లో ఎవరైనా కనిపించకుండా పోతే 24 గంటలు ఆగాలన్న రూలేమీ లేదు, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, కొత్త ఫొటో ఇవ్వండి, ఒంటి మీది బట్టలు, పుట్టుమచ్చలు చెప్పండి. ఎవరూ రాని మృతదేహాన్ని మామూలుగా 72 గంటలు చూసి ఖననానికి పంపేస్తారు.