ఫోన్ సందేహాలు: వాచీలో మాట్లాడాలంటే

ప్రశ్న: మా అమ్మకు డెబ్భై దాటాయి. తణుకు దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. డాబా మీద వడియాలు పెడుతున్నా, పెరట్లో ఉన్నా ఫోన్ మాత్రం లోపల టీవీ దగ్గరే మోగుతుంటుంది. ఎత్తకపోతే ఇక్కడ మాకు టెన్షన్. రెండు వేలకే 'కాలింగ్ వాచ్' అంటున్నారు, ఫోన్ దగ్గర లేకపోయినా అందులో మాట్లాడొచ్చా? మా తమ్ముడు డాలస్ నుంచి యాపిల్ వాచీ పంపిస్తానంటున్నాడు. అమ్మది ఆండ్రాయిడ్ ఫోన్.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండు వేల వాచీతో అది కుదరదమ్మా. పెట్టె మీద 'కాలింగ్' అని ఎంత లావు అక్షరాలతో వేసినా అందులో సిమ్ ఉండదు. కాల్ వచ్చేది ఫోన్‌కే. వాచీలోని చిన్న మైకు, స్పీకరు బ్లూటూత్ హెడ్‌సెట్ చేసే పనే చేస్తాయి. అడ్డేమీ లేకపోతే సుమారు పది మీటర్లు అందుతుంది. మధ్యలో కాంక్రీటు శ్లాబు ఉంటే అంత కూడా అందదు. గోదావరి జిల్లా పెరడంటే కొబ్బరిచెట్లు దాటి కాలవగట్టు దాకా ఉంటుంది కదా, అక్కడికి ఆశ పెట్టుకోకండి.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. ఎవరిదైనా బ్లూటూత్ హెడ్‌సెట్ అడిగి తీసుకుని అమ్మ ఫోన్‌కు కలపండి. ఫోన్‌ను ఎప్పుడూ ఉండే చోటే ఉంచి, ఆమెను డాబా మీదకు పంపి కాల్ చేయండి. మాట తెగకుండా వినిపిస్తే చవక వాచీతోనూ పని జరిగే అవకాశం ఉంది.

ఇంకో మాట. 'వాచీకి మెసేజ్‌లు వస్తున్నాయి, కాల్ మాత్రం మాట్లాడలేకపోతున్నాం' అంటూ విజయవాడలో మా రిపేరు షాపుకు చాలామంది వస్తారు. వాచీ బాగానే ఉంటుంది. ఈ చవక రకాల్లో చాలావాటిని ఫోన్‌తో రెండుసార్లు జత చేయాలి: వాచీ యాప్‌లో ఒకటి, ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో కాల్స్ కోసం మరొకటి. రెండోది ఎవరూ చేయరు. దానికి నేను డబ్బులు తీసుకోను, టీ ఇప్పిస్తే తాగుతాను.

ఫోన్ ఇంట్లో వదిలేసి మాట్లాడాలంటే ఈ-సిమ్ (వాచీ లోపలే అమర్చి ఉండే సిమ్) ఉన్న ఎల్‌టీఈ వాచీ, అంటే సొంతంగా మొబైల్ సిగ్నల్ పట్టే వాచీ కావాలి. ఆండ్రాయిడ్‌కైతే శామ్‌సంగ్ గెలాక్సీ వాచీల్లో ఎల్‌టీఈ రకం చూడండి. ఫోన్ నంబరే వాచీలోనూ మోగేలా జియో, ఎయిర్‌టెల్ ఈ-సిమ్ ఇస్తాయి. అమ్మగారి ప్లాన్‌కు అది వర్తిస్తుందో లేదో కొనకముందే ఆపరేటర్ స్టోర్‌లో అడగండి.

మీ తమ్ముడిని మాత్రం ఆగమనండి. యాపిల్ వాచీ ఆండ్రాయిడ్ ఫోన్‌తో జత కట్టదు. 2020 నుంచి ఇంట్లో ఇంకొకరి ఐఫోన్‌తో పెద్దవాళ్ల వాచీని సిద్ధం చేసే వీలుంది. అయితే దానికి సెల్యులార్ రకమే (సొంతంగా మొబైల్ సిగ్నల్ పట్టేదే) కావాలి, ఇక్కడి ఆపరేటరూ ఒప్పుకోవాలి. పైగా మొబైల్ సిగ్నల్ వాడే ఫ్రీక్వెన్సీలు (బ్యాండ్లు) దేశాన్ని బట్టి మారతాయి. అక్కడ కొన్నది ఇక్కడ సిగ్నల్ పట్టకపోతే తిరిగి ఇవ్వడానికి డాలస్ ఏమీ తాడేపల్లిగూడెం కాదు.

అమ్మ పడిపోతే ఎలా అన్నదే మీ తమ్ముడి ఆలోచన అయితే దానిలో అర్థముంది. 2018లో వచ్చిన సిరీస్ 4 నుంచి యాపిల్ వాచీ గట్టిగా పడిపోవడాన్ని గుర్తిస్తోంది. మనిషి నిమిషం దాకా కదలకపోతే తనంతట తానే అత్యవసర నంబరుకు కాల్ చేస్తుంది. దానికీ ఫోన్ దగ్గరుండాలి, లేదా వాచీకి సొంత నెట్‌వర్క్ ఉండాలి. మన పెద్దవాళ్లు స్నానానికి వెళ్తూ వాచీ తీసి గూట్లో పెడతారు. బాత్‌రూములో జారిపడే ప్రమాదం ఎక్కువ. నీళ్లకు ఏమీ కాదని ముందు ఆమెను ఒప్పించండి, తర్వాత మోడల్ ఎంచుకోండి. ఎల్‌టీఈ వాచీని దాదాపు రోజూ చార్జింగ్ పెట్టాలని కూడా చెప్పండి.

ప్రశ్న: సూది గుచ్చకుండా షుగర్ చూపించే వాచీ మూడు వేలకు ఇస్తున్నారు. నాన్న కోసం తీసుకోనా?
- ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. చర్మానికి సూది తగలకుండా సొంతంగా గ్లూకోజ్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ అనుమతి ఇవ్వలేదని మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. వాచీ వెనక వెలిగే పచ్చలైటు నాడి లెక్కపెట్టడానికి. ఆ వాచీ చూపే షుగర్ అంకెను నమ్మి ఇన్సులిన్ డోసు మార్చారంటే ప్రాణం మీదకు వస్తుంది. భుజానికి అతికించే సెన్సర్ సంగతి వేరు, దాని సన్నటి తీగ చర్మం లోపలికి దిగుతుంది. ఆ రీడింగును వాచీలో చూసుకోవచ్చు, కొలిచేది మాత్రం సెన్సరే. అది కావాలో లేదో డాక్టరుగారు చెబుతారు.

ప్రశ్న: సిమ్ పెట్టుకునే పాత డీజెడ్09 వాచీలో జియో సిమ్ వేస్తే సిగ్నలే రావట్లేదు. రిపేరు అవుతుందా?
- ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: అది 2జీ వాచీ, జియోకు 2జీ లేదు. రిపేరుకు తేవద్దు.