‘బాగుంది, చూద్దాం’ అంటే ఏం చేయాలి?

ప్రశ్న: చిన్న దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాను. డెమో చూసి బాగుందంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు. కొత్తవాళ్లకు ఫోన్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీకు ఇంకా ఎవరూ ‘వద్దు’ అననే లేదు కదండీ! మొహమాటపు మెప్పు కంటే మొహం మీద చెప్పిన ‘వద్దు’ నయం. ఫోన్ ఎత్తనివాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి: ‘ఇక కొనమని అడగను. ఎందుకు వద్దనుకున్నారో ఒక్క కారణం చెప్పండి చాలు.’ బలవంతం లేదని తెలిస్తే చాలామంది ఉన్నమాట చెబుతారు. ధర ఎక్కువన్నారని వెంటనే తగ్గించకండి. అది తరచూ మర్యాదగా తప్పించుకునే మాట. పాత సరుకు లెక్కలన్నీ మళ్లీ ఎక్కించాలంటే భయమని ఇద్దరు ముగ్గురు అంటే మాత్రం పట్టుకోండి. ఆ పని మేమే చేసిపెడతామని చెప్పి చూడండి.

అలాగని ప్రతి తిరస్కరణా సలహా కాదు. ఇవాళ ప్రపంచమంతా ప్రయాణికులకు ఇళ్లు, గదులు అద్దెకు ఇప్పిస్తున్న ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ వ్యవస్థాపకులు 2008లో 7 మంది పెట్టుబడిదారులను సంప్రదిస్తే 5 మంది కాదన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. మార్కెట్ చాలినంత పెద్దది కాదని ఒకరి అభ్యంతరం. అది డబ్బు పెట్టేవాళ్ల అంచనా. మీకు చెప్పబోయేది రోజూ బిల్లు కొట్టేవాళ్లు. వాళ్ల మాటకు నేనైతే ఎక్కువ విలువిస్తాను. ముందు పాతవాళ్ల జవాబులు రానివ్వండి, కొత్త ఫోన్లు తర్వాత చేద్దురుగాని.