సొసైటీ "మాది ప్రభుత్వ సంస్థ కాదు" అని జవాబిస్తే ఏం చేయాలి?

జమ్మికుంట వైపు నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. తమ ఊరి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, వడ్ల కొనుగోలు లెక్కలు అడిగారు. "మా సంఘం ప్రభుత్వ సంస్థ కాదు, సమాచారం ఇవ్వనవసరం లేదు" అని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. అది నిజమేనా, అసలు చట్టంలో ప్రభుత్వ సంస్థ అంటే ఏమిటి అన్నది ఆయన సందేహం.

అయ్యా, దాదాపు ఇవే మాటలతో నాకూ ఒక ఉత్తరం వచ్చింది. నేను న్యాయవాదిని కాను. నర్సంపేట దగ్గర మాకు మూడెకరాల పొలం ఉంది. ఒక యాసంగిలో మా నాన్న వడ్లు సొసైటీ కేంద్రంలో కాంటా పెట్టారు. అక్కడ రాసిన తూకానికీ, ఖాతాలో పడిన డబ్బుకూ పొంతన కుదరలేదు. అడిగితే మిల్లు దగ్గర తరుగు తీశారన్నారు. ఎంత తీశారు, ఏ కాగితం మీద తీశారు అంటే మాత్రం ఎవరూ చెప్పలేదు. మా లారీ ట్రక్ షీటు (లారీలో ఎంత సరుకు మిల్లుకు వెళ్లిందో రాసిన కాగితం), మిల్లు ఇచ్చిన రశీదు నకలు కావాలని సంఘానికి దరఖాస్తు పెట్టాను. సహకార సంఘాలకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పిందంటూ ఒక పేజీ జవాబు పంపారు. ఆ కాగితం చూసి మా నాన్న, "సర్కారు వడ్లు సర్కారు కొంటే, లెక్క మాత్రం సర్కారుది కాదా?" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

హనుమకొండ కోర్టులో పనిచేసే మా మేనమామ దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం చదివి, "అల్లుడా, ప్రభుత్వ సంస్థా కాదా అని అడగకు. ఏ చట్టం కింద అని అడుగు" అన్నారు. మీ ప్రశ్నకు అసలు జవాబు అదే. మన చట్టాలన్నిటికీ కలిపి 'ప్రభుత్వ సంస్థ' అనే ఒక్క నిర్వచనం ఎక్కడా లేదు. ఒక్కో చట్టం తన అవసరానికి తగ్గట్టు గీత గీసుకుంటుంది. రాజ్యాంగం 12వ అధికరణం 'రాజ్యం' అంటుంది. సమాచార హక్కు చట్టం 'పబ్లిక్ అథారిటీ' అంటుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 'స్థానిక ప్రాధికార సంస్థ'ను (మున్సిపాలిటీ లాంటిదాన్ని) నిర్వచిస్తుంది. అవినీతి నిరోధక చట్టం 'పబ్లిక్ సర్వెంటు' అంటుంది. ఒకే సంస్థ ఒక గీతకు లోపల, మరో గీతకు బయట ఉండవచ్చు.

మీకు కావలసినది సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(హెచ్). రాజ్యాంగం ద్వారా గానీ, పార్లమెంటు లేదా శాసనసభ చేసిన చట్టం ద్వారా గానీ, ప్రభుత్వ నోటిఫికేషన్ లేదా ఉత్తర్వు ద్వారా గానీ ఏర్పడిన సంస్థ పబ్లిక్ అథారిటీ. ప్రభుత్వ యాజమాన్యంలో లేదా అదుపులో ఉన్నవి, ప్రభుత్వ నిధులు గణనీయంగా అందుకునేవి కూడా దాని కిందికే వస్తాయి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. చట్టం వల్ల ఏర్పడటం వేరు, చట్టం కింద నమోదు కావడం వేరు. మన వరంగల్‌లోనే చూడండి. ఎనుమాముల మార్కెట్‌ను నడిపే వ్యవసాయ మార్కెట్ కమిటీ 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం ఏర్పడింది. ఆ చట్టం లేకపోతే ఆ కమిటీయే లేదు. సహకార సంఘం అలాంటిది కాదు. రైతులు కలిసి వాటాలు వేసుకుని పెట్టుకుంటారు, 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదు చేయిస్తారు. ముల్కనూరులో 1956లో రైతులు పెట్టుకున్న సంఘాన్ని తలచుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మొదటిది చట్టం కడుపున పుట్టింది, రెండోది చట్టం నీడన బతుకుతోంది.

2013 అక్టోబరు 7న సుప్రీంకోర్టు చెప్పినది కూడా ఇదే. అది కేరళలోని తలప్పలం సహకార బ్యాంకు కేసు. సంఘాలను నమోదు చేసే ప్రభుత్వ అధికారి, అంటే రిజిస్ట్రారు, పర్యవేక్షణ, నియంత్రణ ఉన్నంత మాత్రాన సంఘం ప్రభుత్వ అదుపులో ఉన్నట్టు కాదని, ఆ అదుపు గణనీయంగా ఉండాలని కోర్టు తేల్చింది. ప్రభుత్వ నిధులు గణనీయంగా ఉన్నాయని చూపే భారం కూడా అడిగినవారిదే అంది. కాబట్టి సంఘం మీకిచ్చిన జవాబు పూర్తిగా తప్పు అనలేను. కానీ ఏ సంఘానికీ ఈ చట్టం వర్తించదని మాత్రం ఆ తీర్పు చెప్పలేదు. 2019లో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో కోర్టు 'గణనీయం' అన్న మాటను వివరిస్తూ, అది సగానికి మించి ఉండాలని లేదంది. మీ సంఘంలో ప్రభుత్వ వాటా ధనం, గ్రాంట్లు ఎంత ఉన్నాయో చూపగలిగితే నేరుగా సంఘం మీదే వాదించవచ్చు. ఆ లెక్క చేతిలో లేకుండా ఆ గొడవలోకి దిగవద్దని నా సలహా. ఏళ్లు గడుస్తాయి.

నాకు దారి చూపినది తలప్పలం తీర్పులోనే ఉన్న మరో భాగం. జవాబు ఉత్తరాల్లో దాన్ని ఎవరూ ప్రస్తావించరు, నాకు కోపం వచ్చేది అందుకే. సంఘం పబ్లిక్ అథారిటీ కాకపోయినా సహకార సంఘాల రిజిస్ట్రారు పబ్లిక్ అథారిటీయే. సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం, ఒక ప్రైవేటు సంస్థ నుంచి మరో చట్టం కింద అధికారి తెప్పించుకోగల సమాచారం కూడా 'సమాచారం' కిందికే వస్తుంది. 1964 చట్టంలో 50వ సెక్షన్ ఆడిట్‌కు, 51 విచారణకు, 52 తనిఖీకి అధికారం ఇస్తున్నాయి. అంటే సంఘం పుస్తకాలు తెప్పించుకునే శక్తి సహకార శాఖకు ఉంది. మీరు అడగవలసినది అక్కడ, జిల్లా సహకార అధికారి కార్యాలయంలో. ఇతర సభ్యుల అప్పు ఖాతాల వివరాలు మాత్రం అడగకండి, వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు.

వడ్ల సంగతికి ఇంకా దగ్గరి దారి ఉంది. సొసైటీ కొనేది తన కోసం కాదు, రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ కోసం. అది కంపెనీగా నమోదైనా యజమాని ప్రభుత్వమే, కాబట్టి పబ్లిక్ అథారిటీ. సింగరేణి కూడా కంపెనీయే. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న ఆ కంపెనీని సమాచారం అడగడానికి ఎవరూ సందేహించరు. మా నాన్న అడిగిన మాటకు జవాబు నాకు ఇక్కడ దొరికింది. లెక్క సర్కారుదే, నేను అడిగిన గడప వేరు.

రెండు దరఖాస్తులు పెట్టాను. జిల్లా స్థాయి కనుక ఒక్కోదానికి పది రూపాయలు. మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో రుసుము లేదు. ట్రక్ షీటు, మిల్లు రశీదు నకళ్లు పౌర సరఫరాల సంస్థ నుంచి వచ్చాయి. ఒక దరఖాస్తుకు ముప్పై రోజులు దాటినా జవాబు లేకపోతే మొదటి అప్పీలు వేయవలసి వచ్చింది. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, మా లారీలోని సరుకుకు మిల్లులో మూడు క్వింటాళ్లు తక్కువ రాసి, ఆ కోతను పదకొండు మంది రైతులకు పంచారని తేలింది. అందరం కలిసి కలెక్టరేట్‌లో ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. తేడా డబ్బు తొమ్మిది నెలలకు వచ్చింది. మొత్తం పెద్దదేమీ కాదు. మా నాన్న మాత్రం ఆ రశీదు నకలును పట్టాదారు పాసుపుస్తకంలో దాచుకున్నారు.

సంఘం వారు "ప్రభుత్వ సంస్థ కాదు" అన్నారని, వారు ఏ చట్టానికీ బాధ్యులు కారనుకోకండి. అవినీతి నిరోధక చట్టం, 1988 సెక్షన్ 2(సి) చదవండి. వ్యవసాయం, పరిశ్రమ, వాణిజ్యం, బ్యాంకింగ్ పనుల్లో ఉండి, ప్రభుత్వం నుంచి ఆర్థిక సాయం పొందుతున్న లేదా పొందిన నమోదైన సహకార సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, ఇతర పదాధికారులు పబ్లిక్ సర్వెంట్లే. అంటే సమాచారం అడిగితే ప్రైవేటు అనిపించుకునే సంఘంలో, లంచం అడిగిన కార్యదర్శి అదే రోజు చట్టం దృష్టిలో పబ్లిక్ సర్వెంటు అవుతాడు.

గీతలు ఇలా మారడం కొత్త కాదు. మన వరంగల్ ఎన్ఐటీ, 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ. ఆ కాలేజీలను నమోదిత సొసైటీలే నడిపేవి. శ్రీనగర్‌లోని అలాంటి కాలేజీ గురించే అజయ్ హసియా కేసు నడిచింది, 1980లో తీర్పు వచ్చింది. సొసైటీగా నమోదైనా డబ్బు, అదుపు ప్రభుత్వానివైతే అది 12వ అధికరణం కింద రాజ్యమేనని సుప్రీంకోర్టు చెప్పింది. పేరు చూడవద్దు, వెనుక ఎవరున్నారో చూడమంది. మార్కెట్ కమిటీలది ఇందుకు తిరగబడిన కథ. చట్టం వల్లే ఏర్పడినా, 2002లో ఆదాయపు పన్ను చట్టం సవరించాక అవి స్థానిక ప్రాధికార సంస్థలు కావని ఢిల్లీ నరేలా మార్కెట్ కమిటీ కేసులో 2008లో తీర్పు వచ్చింది. దాంతో వాటికి పన్ను మినహాయింపును వేరే నిబంధనగా చేర్చవలసి వచ్చింది.

మీరు మళ్లీ దరఖాస్తు రాసేటప్పుడు సంఘం పేరు పైన పెట్టకండి. పౌర సరఫరాల సంస్థ జిల్లా మేనేజరు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఒకటి, జిల్లా సహకార అధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఒకటి రాయండి. రెండో దాంట్లో "1964 సహకార సంఘాల చట్టం కింద మీరు తెప్పించుకోగల ఈ రికార్డులను, సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం కోరుతున్నాను" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. కొనుగోలు కేంద్రం పేరు, సీజను, తేదీలు, లారీ నంబరు రాయండి. సంఘం ఇచ్చిన తిరస్కరణ ఉత్తరం నకలు జతచేయండి. రసీదు తీసుకున్న రోజు నుంచి ముప్పై రోజులు లెక్కపెట్టుకోండి. జవాబు రాకపోతే ఆ తర్వాత ముప్పై రోజుల్లోపు అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి వెళ్లాలి.